వరండా అడిగిన అక్క

వడమాలపేట దగ్గర మా బడిలో సాయంత్రం తరగతులు నడిపింది ఒక పొదుపు సంఘం అక్క. జీతాలు ప్రభుత్వానివి, గది మాది, పిల్లల బాధ్యత సంఘానిది. తల్లులు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి పొద్దుపోయేది. చివరి పిల్లను అప్పగించేదాకా ఆమె గడపలోనే నిలబడేది. కుర్చీ వేసినా కూర్చునేది కాదు.

రెండేళ్లకు ప్రభుత్వం ఆ తరగతుల పథకం ఆపేసింది. హెడ్మాస్టరు గదికి తాళం వేయించాడు. అక్క నా దగ్గరికి వచ్చింది.

"గది ఒద్దు టీచరమ్మా, వరండా సాలు. జీతం లేకపోయినా మేమే సూసుకుంటాం. సార్ని ఒక మాట అడగండి."

"అడుగుతాలే అక్కా," అన్నాను. ఆయనతో ఎందుకొచ్చిన గొడవ అనుకుని అడగలేదు. ఆమె వారం రోజులు గేటు దగ్గరికి వచ్చి, నా ముఖం చూసి వెళ్లిపోయింది.

వేసవి సెలవులయ్యి బడులు తెరిచాక, అక్క దగ్గరికి సాయంత్రాలు వచ్చే ఏడో తరగతి అమ్మాయి ఒకతి కనిపించలేదు. ఒకరోజు పుత్తూరు బస్సులో తల్లి పక్కన కనిపించింది. వేళ్లనిండా మామిడి సొన పుళ్లు.

"సాయంత్రం బడి ఇడిసినాక నేనొచ్చేదాకా ఇంట్లో ఒక్కతే ఉండాల. బయమేసి నాతోనే ఫ్యాక్టరీకి తీసకపోతా ఉండాను," అంది తల్లి.

వెనక సీట్లో అక్క ఉంది. కొంచెం జరిగి, కూర్చోమని చోటిచ్చింది. నేను పుత్తూరు దాకా నిలబడే వెళ్లాను.