అనువాదకుల గడిలో చేరిన పేరు

ఎవరైనా దయ్యాల సంగతి మొదలుపెడితే నేను అడిగే మాట ఒక్కటే: ఆధారం ఏది? నా ఉద్యోగం అలాంటిది. లైబ్రరీలో పుస్తకాల వివరాలు కంప్యూటర్‌కి ఎక్కిస్తాను. ఆధారం లేకుండా ఒక్క అక్షరం రాయను. దయ్యాల్ని నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానా అంటే ఏం చెప్పాలో తెలియడం లేదు.

మాది ఒంగోలు. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చాను. ఇల్లు బెళ్ళందూరులో, పని పాత ఊళ్లో నగర్తపేట దగ్గర ఒక ట్రస్టు లైబ్రరీలో. తెలుగు, కన్నడ పుస్తకాలు ఉంటాయి. మా లైబ్రేరియన్ గోపాలప్ప గారు. తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం వాళ్లది.

పోయిన ఏడాది మేం పాత కార్డుల్ని కొత్త పద్ధతిలోకి మార్చడం మొదలుపెట్టాం. పాత కార్డు మీద రచయిత పేరు ఉంటే చాలు, మిగతావాళ్లని చాలాసార్లు వదిలేసేవాళ్లు. కొత్త నియమాల ప్రకారం అనువదించినవాళ్లు, బొమ్మలు వేసినవాళ్లు, పుస్తకంలో చెయ్యి ఉన్న ప్రతి ఒక్కరికీ విడిగా ఒక గడి ఉంటుంది. పుస్తకంలో లేని పేరు చేర్చాలంటే అది ఎలా తెలిసిందో కూడా రాయాలి.

ఒక సోమవారం ఒక కన్నడ నవలకి వచ్చిన పాత తెలుగు అనువాదం నా చేతికొచ్చింది. అట్ట వెనక పేజీలో 'తెలుగు సేత: వెంకటరమణయ్య' అని ఉంది. అదే ఎక్కించాను. మర్నాడు సరిచూస్తుంటే ఆ పేరు కింద ఇంకో పేరు కనిపించింది. సుందరమ్మ. పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేశాను. ఎక్కడా ఆ పేరు లేదు. వేరే రికార్డులోది పొరపాటున పడిందనుకుని తీసేశాను.

బుధవారం మళ్లీ ఉంది.

ఏ మార్పు ఎవరు చేశారో మా సాఫ్ట్‌వేర్‌లో తెలుస్తుంది. చూస్తే నా లాగిన్‌తోనే, ఆ రోజు పొద్దున తొమ్మిదింబావుకి చేరింది. తొమ్మిదింబావుకి నేను సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో, బస్సులో ఇరుక్కుని ఉన్నాను. టికెట్ ఇంకా నా బ్యాగులోనే ఉంది. గోపాలప్ప గారికి చూపించాను. ఆయన ఎదుటే పాస్‌వర్డ్ మార్చి, ఆ పేరు మళ్లీ తీసేసి సేవ్ నొక్కాను.

మధ్యాహ్నం మూడు గంటలైంది. హాల్లో నలుగురు పేపర్ చదువుతున్నారు. నా బల్ల మీది ఇంటర్‌కామ్ మోగింది. చిన్న తెర మీద బేస్‌మెంట్ నంబరు. ఎత్తాను.

"మళ్లీ తీసేస్తివా?"

పెద్దవయసు ఆడగొంతు. కోపం లేదు. అలిసిపోయిన గొంతు, అంతే. ఎవరండీ అన్నాను. ఆ తర్వాత ఏమీ వినబడలేదు, ఊపిరి కూడా. మా వైపు 'తీసేశావా' అంటాం. 'తీసేస్తివా' అనేది ఇక్కడి తెలుగు, నేను కలలో కూడా అనను. అందుకే అది నా భ్రమ అని సర్దిచెప్పుకోలేకపోయాను.

రిసీవర్ పెట్టేశాను. గోపాలప్ప గారు నావైపే చూస్తున్నారు. ఫోన్ మోగడం ఆయన కూడా విన్నారు.

"కింద నుంచి యాడ వస్తాదమ్మా? ఆ లైను తెగి నాలుగేండ్లాయె" అన్నారు.

ఇద్దరం దిగాం. తాళం వేసే ఉంది, తాళంచెవి ఆయన జేబులో ఉంది. లోపల ఫోన్ ఒక అర మీద, తీగ దాని చుట్టూ చుట్టి, దుమ్ము పట్టి ఉంది. నేను మెట్లు ఎలా ఎక్కానో గుర్తు లేదు. రెండు రోజులు సెలవు పెట్టాను. ఇంట్లో మా ఆయన ఫోన్ మోగినా ఉలిక్కిపడేదాన్ని.

శనివారం గోపాలప్ప గారు ఫోన్ చేశారు. ఆ పుస్తకం ఇచ్చినవాళ్ల అడ్రసు పాత రిజిస్టర్‌లో దొరికిందట. నగర్తపేటలోనే, జరీ దుకాణం మీద మేడ. వెళ్లాం. వెంకటరమణయ్య గారి కూతురు సరోజమ్మ గారు ఉన్నారు, డెబ్బై దాటిన మనిషి. నేను ఏ పేరూ ఎత్తలేదు. ఈ అనువాదం చేసిందెవరని మాత్రం అడిగాను.

"పుస్తకంలో మా నాయన పేరే ఉండాది కదా" అన్నారు. మళ్లీ తనే, "నాయనకి కన్నడ మాట్లాడేది వస్తా ఉండె, చదివేకి రాదు. రాసిందంతా మా అమ్మ. సుందరమ్మ" అన్నారు.

గోపాలప్ప గారే ఫోన్ సంగతి చెప్పారు. ఆవిడ నమ్మలేదనీ కాదు, నమ్మారనీ కాదు. నా చెయ్యి పట్టుకుని గొంతు ఎలా ఉందని అడిగారు. ఎందుకంటే వాళ్లమ్మకి గొంతు ఆపరేషన్ అయి, పోయేముందు పదకొండేళ్లు మాట లేదట. పలక మీద రాసి చూపించేవారట.

"ఆ గొంతు నాకు మతికి రాదమ్మా. ఎట్లనిందో అట్లే ఒకతూరి అను" అన్నారు.

నాకు ఇష్టం లేదు. పెద్దావిడ కళ్లలో నీళ్లు చూసి కాదనలేకపోయాను. ఆ రెండు మాటలూ అన్నాను. నాకు వినబడింది నా గొంతే.

సరోజమ్మ గారు నా చెయ్యి వదిలేసి గోడదాకా వెనక్కి జరిగారు. గోపాలప్ప గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. వంటింట్లో మాకు కాఫీ పెడుతున్న కోడలు వచ్చి, ఇంకెవరొచ్చారత్తా అని అడిగింది.

సోమవారం ఆ గడిలో సుందరమ్మ గారి పేరు నేనే చేర్చాను. ఎలా తెలిసింది అన్నచోట 'కూతురు చెప్పగా' అని రాశాను. ఆ తర్వాత ఫోన్ రాలేదు. బేస్‌మెంట్‌కి మాత్రం నేను ఒంటరిగా దిగను.

ఆ రోజు సరోజమ్మ గారింట్లో మీకేం వినబడిందని గోపాలప్ప గారిని చాలాసార్లు అడిగాను. ప్రతిసారీ మాట దాటేసేవారు. పోయిన వారం గట్టిగా పట్టుబడితే తల దించుకుని, "నోరు నీదేనమ్మా. అంతవరకే నేను చెప్తా" అన్నారు.