నిలబడినాకే విప్పల్ల

మా మేనమామ పోయాడు. పోయిన వారం, పొద్దున్నే గుర్రాన్ని కట్టేసి వచ్చి అరుగు మీద కూర్చున్నవాడు అలాగే ఒరిగిపోయాడట. అత్త ఫోన్‌లో ఆ మాట చెబుతుంటే వెనక గుర్రం సకిలిస్తూనే ఉంది. తిరుపతి నుంచి చంద్రగిరి ఎంత దూరమని! ఆ రోజు మాత్రం బస్సు ఎంతకీ కదలనట్టే అనిపించింది.

మామ బతుకంతా పెళ్ళి గుర్రాలతోనే గడిచింది. ఇటు చిత్తూరు, అటు శ్రీకాళహస్తి, ఎక్కడ పెళ్ళికొడుకు ఊరేగాలన్నా మామకే కబురు. పిల్లలు లేరు. గుర్రమే ఆ ఇంటి సంపాదన, ఆ ఇంటి బిడ్డ కూడా. పాతది ముసలిదై చచ్చిపోయాక ఈ ఎర్ర గుర్రాన్ని తెచ్చాడు. చూడ్డానికి అందగత్తె. కట్టేస్తే మాత్రం ఒక్క చోట నిలవదు. కాలితో నేల తవ్వుతుంది, గిరగిరా తిరుగుతుంది, తాడు తెంపుకుంటుంది. అలాంటిదాని మీద పెళ్ళికొడుకును ఎక్కిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

మామ దాన్ని కొట్టలేదు. ఇంటి ముందు వేపమానుకు, దాని వీపంత ఎత్తున కట్టేవాడు. తాడుకూ మానుకూ మధ్య పాత సైకిల్ ట్యూబు ఒకటి. అది గుంజితే ట్యూబు సాగుతుంది, మెడకు దెబ్బ తగలదు. కట్టేసి కాస్త దూరంలో కూర్చుని, వక్కాకు నములుతూ ఎటో చూసేవాడు. అది తవ్వినంతసేపూ ఉలకడు, పలకడు. అలిసి కుదురుగా నిలబడగానే లేచి వెళ్ళి, మెడ నిమిరి విప్పేవాడు.

"అట్లా గింజుకుంటాంటే సూస్తా కూసున్నావే, పాపం కదా మామా?" అన్నాను ఒకసారి.

"తవ్వేటప్పుడు విప్పితే, తవ్వితే విప్పుతారని నేర్సుకుంటాది పాపా. నిలబడినాకే విప్పల్ల. మనం దానికేం నేర్పిస్తాండామో మనకే తెలీకుంటే ఎట్లా?"

అత్తది మరీ మెత్తని గుండె. మా వైపు వాకిట్లో పశువు కాలు గీరితే ఆకలేసిందనుకుంటాం. చూసి కూడా ఏమీ పెట్టకుండా గడప దాటితే పాపమని పెద్దవాళ్ళ మాట. మామ అటు తిరగ్గానే అత్త కొంగుచాటున బెల్లం ముక్కో, గుప్పెడు శనక్కాయలో తీసుకెళ్ళి పెట్టేది. గుర్రం తెలివితక్కువదేం కాదు. మామ కనబడితే నిలబడేది, కనుమరుగైతే తవ్వేది.

"నువ్వే సెడగొడతాండావే దాన్ని" అని మామ విసుక్కునేవాడు.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. అది నోరులేంది, కాలితో అడగతాండాది. పెట్టకుంటే ఎట్లయ్యా?"

ఆ సామెతకు మామ నవ్వి ఊరుకునేవాడు.

ఒక్కసారి మాత్రం నవ్వలేదు. గుండె బలహీనంగా ఉందని డాక్టరు చెప్పి పంపిన రోజులవి. నేను చూడ్డానికి వెళ్తే, నా ఎదుటే అత్తతో అన్నాడు: "నేనుంటే నిలబడేది నిలబడడం కాదే. నేను లేనప్పుడు నీ చేతికి నిలబడల్ల. లేకుంటే దాన్ని అమ్ముకోవల్సొస్తాది. రేపు నీకు అదొక్కటే దిక్కు."

"నోటికొచ్చినట్టల్లా మాట్లాడొద్దు నువ్వు!" అని కసిరి, అత్త లోపలికి పోయి బెల్లం తెచ్చి, ఆయన చూస్తుండగానే తవ్వుతున్న గుర్రం నోట్లో పెట్టింది. అది జాలి కాదు, భయం. మామ చెప్పినట్టు చేస్తే ఆయన లేని రోజు ఒకటుందని ఒప్పుకున్నట్టేనని ఆమె భయం. నాకిది ఇప్పుడు తెలుస్తోంది. మామకు అప్పుడే తెలిసిందేమో, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మామ పోయిన రోజు సాయంత్రం పాడె ఎత్తే వేళకు తప్పెట్లు మోగాయి. గుర్రం బెదిరి, మట్టి చిమ్ముతూ తవ్వడం మొదలుపెట్టింది. "అయ్యో, దానికీ తెలిసినట్టుండాదే" అంటూ పక్కింటామె అరటిపండు తీసుకుని అటు నడిచింది.

"పెట్టొద్దు!" అని అత్త అరిచింది. ఏడుస్తున్న ఆడవాళ్ళంతా తలలు తిప్పి చూశారు.

మగవాళ్ళు మామను తీసుకుని వెళ్ళిపోయారు. అత్త వాకిట్లోకి వచ్చి గుర్రానికి ఎదురుగా నిలుచుంది. అది ఆమె చేతుల వంకే చూస్తూ తవ్వుతోంది. నేను ఆగలేక, విప్పుదామని అడుగు ముందుకు వేస్తే, అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"బతికుండంగా ఒక్క దినమన్నా ఆయన మాట ఇనింటినా పాపా? ఇన్లేదే... ఒక్కసారి ఇనింటే, ఇది నా చేతికి నిలబడేది ఆయన కండ్లారా సూసి పొయ్యుండునే."

ఆమె అన్నది నిజమే.

తప్పెట్ల చప్పుడు దూరమైంది. చాలాసేపటికి గుర్రం కాలు దించి, కదలకుండా నిలబడింది. అత్త నా చెయ్యి వదిలి, దాని దగ్గరికి వెళ్ళి మెడ నిమిరింది. మానుకు ఉన్నది ఆ పొద్దున మామ చేత్తో వేసిన ఆఖరి ముడి. కొస పట్టి లాగితే ఊడిపోతుంది. గుర్రం నిలబడే ఉంది. అత్త కొస పట్టుకుని, లాగలేక, అలాగే నిలబడిపోయింది.