సంతకం లేకుండా తెచ్చిన పెట్టె

డెల్టాలో ఒక చిన్న ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా పనిచేసేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆటోలోంచి ఓ వ్యవసాయ కూలీని దించారు. వరిచేలో పురుగుమందు కొడుతూ పడిపోయాడట. ఒళ్లంతా చెమట, నోట్లో నురగ, కంటిపాపలు ఆవగింజంత. మందుతో తడిసిన చొక్కాను కత్తిరించి తీసేసి, సబ్బుతో ఒళ్లు కడగడం మొదలుపెట్టాను.

"తాగాడా?" అన్నారెవరో గుమ్మం దగ్గర.

"తాగలేదండి! ట్యాంకు కారి వీపంతా తడిసిపోయింది," అని అరిచింది అతని భార్య. "చచ్చిపోవాల్సిన అవసరం మాకేంటండి?"

డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరుగారు విరుగుడుగా అట్రోపిన్ ఇంజక్షన్లు మొదలుపెట్టారు. ఈ విషానికి ఒకటి రెండు ఇంజక్షన్లు చాలవు. ఊపిరితిత్తుల్లో చెమ్మ ఆరేదాకా ఇస్తూనే ఉండాలి. ఆయన స్టెతస్కోపు పెట్టి వినడం, "ఇంకా గరగరమంటోంది సిస్టర్, ఇవ్వండి" అనడం. వార్డులో ఉన్నవన్నీ అయిపోయాయి. స్టోరుకి పరిగెత్తాను.

"అట్రోపిన్ పెట్టె ఇవ్వాలంటే సూపరింటెండెంట్ గారి సంతకం కావాలమ్మా," అన్నారు స్టోరు చూసే పెద్దాయన. "ఆయన కాకినాడ మీటింగులో ఉన్నారు. ఫోనెత్తట్లేదు."

"సంతకం రేపైనా పెడతారండి. ఊపిరి రేపటిదాకా ఆగదు."

"నా ఉద్యోగం పోతుందమ్మా!"

"నేనే పట్టుకెళ్లానని రాయండి. నా పేరు పెద్దక్షరాల్లో రాయండి."

ఆయన్ని దాటి చెయ్యి చాపి, అరలోంచి పెట్టె తీసుకున్నాను. వెనక్కి చూడకుండా వార్డుకి పరిగెత్తాను.

సాయంత్రానికి ఛాతీలో గరగర పోయింది. కానీ అతను దుప్పటి మీద లేని చేపల్ని ఏరడం మొదలుపెట్టాడు. పిచ్చెక్కిందని భార్య ఏడ్చింది. "ఇంజక్షన్ల వల్లమ్మా, తగ్గిపోతుంది," అని ఆమె పక్కనే కూర్చున్నాను. మర్నాటికి తగ్గింది. పదిరోజుల తర్వాత తన కాళ్లమీద తను నడిచి ఇంటికి వెళ్లాడు.

ఆ తర్వాత నాకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా మందు తీసుకున్నందుకు సంజాయిషీ అడిగారు. "తప్పయిందని ఒక్క ముక్క రాసెయ్యండి, సరిపోతుంది," అన్నారు తోటివాళ్లు. రాయలేదు. "అలాంటి రోగి మళ్లీ వస్తే మళ్లీ ఇలాగే తీసుకుంటాను. ఆ అవసరం రాకూడదనుకుంటే పెట్టె వార్డులోనే ఉంచండి" అని రాసిచ్చాను.

నెల తిరక్కుండా పెట్టె వార్డు బీరువాలోకి వచ్చింది. నా సర్వీసు రిజిస్టరులో హెచ్చరిక కూడా ఎక్కింది. పై అధికారుల్ని బతిమాలి ఆ హెచ్చరిక తీయించుకోమని తోటివాళ్లు ఇప్పటికీ సలహా ఇస్తుంటారు. ఉండనివ్వండి అంటాను.