మా మడిలో యూరియా చల్లనియ్యలే

ఆత్మకూరు దగ్గర మా పొలంల ఒక మడిల మొదటిసారి మందులు లేకుండ వరి పెట్టిన. నాట్లేసిన నెలకు పైరు పసుపురంగుకు తిరిగింది. పక్క పొలం మా ఆయన అన్నయ్యది. ఒకరోజు ఆ బావ నన్నడగకుండనే యూరియా బస్తా భుజానేసుకొని మా మడిలకు దిగిండు.

"పైరు సస్తుంది, జర చల్లనియ్యి" అన్నడు.

బురదలకు దిగి ఆయనకు అడ్డం నిలబడ్డ.

"సస్తే నా పైరే సస్తది బావా. బస్తా తీస్కపోండ్రి."

"ఊరంత చల్లుతుండ్రు. నీకొక్కదానికే తెలుసా?"

"నాకూ అంత తెల్వదు. చేసుకుంటనే నేర్చుకుంట."

ఆయన కోపంతో వెళ్లిపోయిండు. నేను ఆవు పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి కలిపి పులియబెట్టి నీళ్లతోపాటు పారించిన. పైరు మెల్లగ తేరుకుంది. అయినా వడ్లు బావ పొలం కంటె తక్కువే అయినయి.

కల్లంల అందరి ముందర ఆయన "ఇగనన్న మానుతవా?" అని అడిగిండు.

"వచ్చే కారుకు రెండో మడి గూడ గిట్లనే పెడత" అన్న.

పెట్టిన.