కాడి దించితేనే గేరు

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలరాయుణ్ణి. నా చేతిలో స్పానరు పన్నెండో నంబరుదైతే, చెప్పేటప్పటికి ఇరవై నాలుగవుతుంది. సగానికి సగం తగ్గించుకుని చదవండి, ఎవరికీ నష్టం లేదు.

పంతొమ్మిది వందల ఎనభై మూడు. గుంటూరులో ఒక ట్రాక్టర్ల షాపులో మెకానిక్‌ని. కొత్త బండి అమ్మితే, దాంతోపాటు ఊరెళ్లి మూడు రోజులుండి నడపడం నేర్పి రావడమూ నా పనే. మిరపకాయలు కళ్లాల్లో ఎండుతున్న రోజుల్లో పెదకాకాని అవతల ఒక ఊరికి వెళ్లాను. బండి కొన్న రైతు వెంకయ్యగారు. నేర్చుకోవాల్సినవాడు ఆయన దగ్గర పాతికేళ్లుగా అరక తోలుతున్న ఏసుపాదం. అతను ఎడ్లను అదిలిస్తే నల్లపాడు స్టేషన్లో ఆగున్న రైలు కదిలేది.

వెంకయ్యగారు మొదటిరోజే తేల్చేశారు. "ఒరేయ్ ఏసుపాదం, ఎడ్లను అమ్మేశాను. మూడ్రోజుల్లో నేర్చుకున్నావా, సీటు నీది. లేదంటే గుంటూరు నుంచి డ్రైవర్ని తెస్తా. తర్వాత నన్ననొద్దు."

"ఈ ఇనప దున్న నాకో లెక్కా అయ్యగారూ!"

లెక్క గంటలో తేలింది. బండి ఆపమంటే బ్రేకు తొక్కడు. "హో... హో..." అంటూ స్టీరింగును పగ్గంలా రొమ్ముకేసి లాగాడు. ట్రాక్టరుకి పాపం తెలుగు రాదు. నేరుగా వెళ్లి వెంకయ్యగారి కళ్లంలోనే మిరపకాయల మీదికెక్కింది. ఆ ఘాటుకు ఊరంతా తుమ్మింది. కోళ్లు తుమ్మాయి. రోడ్డుమీద బస్సు తుమ్మి ఆగిపోయింది. వెంకయ్యగారు కర్ర పుచ్చుకుని వచ్చారుగానీ, తుమ్ముల మధ్య తిట్టడానికి సందు దొరకలేదు.

రెండోరోజు క్లచ్ దగ్గర పడ్డాం. క్లచ్ అంటే ఇంజను బలం చక్రాలకు అందకుండా కాసేపు విడదీసే పెడలు. అది తొక్కకుండా గేరు మారిస్తే గేర్‌బాక్స్ గగ్గోలు పెడుతుంది. ఏసుపాదం మార్చినప్పుడల్లా మూడూళ్ల కుక్కలు బదులిచ్చేవి.

"బాబాయ్, క్లచ్ తొక్కు!"

"ఎందుకు తొక్కాలో చెప్పు, తొక్కుతా."

"పుస్తకంలో అలాగే ఉంది."

"నా కాలు చదువుకోలేదయ్యా."

మూడోరోజు మధ్యాహ్నం అతని భార్య మరియమ్మ అన్నం తెచ్చి గట్టుమీద కూర్చుంది. మొగుడి మొహం చూసి ముద్ద కలిపి చేతిలో పెట్టింది. అప్పుడు నాకు మెరుపులా తట్టింది.

"బాబాయ్, అరకలో ఒక ఎద్దు అలిసిపోతే ఏం చేస్తావ్?"

"ఇంకోదాన్ని కడతా."

"కాడి మెడమీద ఉండగానేనా?"

"పిచ్చా ఏంటి? ముందు కాడి దించాలిగా!"

"క్లచ్ తొక్కడమంటే కాడి దించడం. గేరు మార్చడమంటే ఎద్దును మార్చడం."

ఏసుపాదం చెయ్యి కూడా కడుక్కోకుండా సీటెక్కాడు. "కాడి దించా! ఎద్దు మారింది! కాడి ఎత్తా!" అని ఊరు దద్దరిల్లేలా అరుస్తూ నల్లరేగడిలో సాలు తీశాడు. గేర్‌బాక్స్ కిక్కురుమనలేదు. ఆ సాలు ఎంత తిన్నగా వచ్చిందంటే, దాన్ని చూసి గుంటూరు స్కేళ్లు సిగ్గుపడ్డాయి. మరియమ్మ చప్పట్లు కొట్టింది.

"దిగకురా, సీటు నీదే," అన్నారు ఆ అరుపులు విని వచ్చిన వెంకయ్యగారు.

"నా మాట వింటోంది అయ్యగారూ!"

కొత్తదాని ముందుకు ఏ మనిషీ ఉత్త చేతులతో రాడని ఆ పొలంలో నేర్చుకున్నాను. తర్వాత ఏ ఊరెళ్లినా ముందు వాళ్ల పని గురించి అడిగి, ఆ తర్వాతే బానెట్ ఎత్తేవాణ్ణి.

ఇక కల్పించిందేమిటో చెప్పాలి కదా. బస్సు తుమ్మలేదని మీరే కనిపెట్టి ఉంటారు. అసలు కోత వేరే ఉంది. ఆ మెరుపు నాకు తట్టలేదు. "ఇతనికి రాదండీ, డ్రైవర్ని చూసుకోండి" అని వెంకయ్యగారితో చెప్పడానికి అప్పటికే లేచాను. ఎంగిలి చేత్తోనే నా చొక్కా పట్టుకున్నాడు ఏసుపాదం. "ఒక్కమాటయ్యా. ఈ క్లచ్ తొక్కడం, మేం కాడి దించడంలాంటిదేనా?"

నేను చేసిందల్లా అవునని తలూపి, మళ్లీ కూర్చోవడం.