కంచం కింద తడిగుడ్డ

“నీకెప్పటిసంది ఎరుక?”

“వాడు ఓడెక్కిన కాడికెల్లి.”

“రెండేండ్లు నా ముంగట కూసోని తిన్నవ్. ఒక్కపారి గూడ నోరు పెగల్లేదా?”

“చెప్తే ఊకుంటుంటివా? బొంబాయి పోయి లొల్లి జేస్తుంటివి. పిలగాని నౌకరీ పోతుండె.”

“పోతే పోతుండె! ఇంట్ల గంజి తాగి బతుకుతుండె!”

నేనూ నా మొగుడూ ఆ పూట ఇలా అరుచుకున్నాం. యుద్ధం నడుస్తున్న చలికాలం. మన యుద్ధనౌక ఒకటి మునిగిందని సాయంత్రమే పక్కింటి రేడియోలో విన్నాను. ఎవరు కన్న బిడ్డలో అని కళ్లు తుడుచుకున్నాను. నా చిన్నకొడుకూ నేవీలోనే ఉన్నా, వాడిది బొంబాయిలో గోదాం పని గదా అని ధైర్యంగానే రొట్టెలు చేశాను. మా ఆయన బస్సు డిపో నుంచి వచ్చి, రొట్టె ముట్టకుండా కూర్చున్నాడు. పిండి ఊరికే వస్తుందా, తినమని కసిరితే అప్పుడు బయటపెట్టాడు. మునిగిన ఓడలోనే మావాడు ఉన్నాడట.

నేవీలో చేరేముందు వాడి చెయ్యి నా నెత్తిన పెట్టించి, నీళ్ల మీదికి పోనని ఒట్టు వేయించుకున్నాను. ఆ ఒట్టుకు సాక్షి మా ఆయనే.

“అదేం ఓడ?” అన్నాను.

“పెద్ద ఓడల ఎంబడి కావలి తిరిగేది. నీళ్ల అడుగున దాక్కున్న దుష్మన్ పడవల్ని ఎతుకుతది. ఏదన్న అయితె మొదలు అడ్డం పోయేది గదే.”

సెలవుకు వచ్చినప్పుడల్లా వాడు గోదాంలో చల్లగా ఉంటుందనీ, మూటలు చూసుకోవడమే పననీ చెప్పేవాడు. నేను నమ్మి, ఉస్మాన్‌గంజ్‌లో బేరమాడి కొన్న పల్లీలూ బెల్లమూ కట్టి పంపేదాన్ని.

“మరి ఆ తడిగుడ్డ?”

వాడికో అలవాటు. తినడానికి కూర్చుంటే కంచం కింద తడిగుడ్డ పరిచేవాడు. ఉతికిన గుడ్డ పాడుచేస్తావేందిరా అని తిట్టేదాన్ని. తండ్రీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేవాళ్లు.

“ఓడ ఊగితె కంచం జారుతది. జారొద్దని ఏస్తరంట,” అన్నాడాయన తల దించుకుని. “ఆదత్ వడ్డది.”

ఒట్టు తప్పినందుకు నాకు అంత మంట లేదు. నా ఇంట్లో, నేను వండింది తింటూ నవ్విన ఆ నవ్వే గుచ్చుకుంది. నేను తిట్టినకొద్దీ వాళ్లకు నవ్వు వచ్చిందన్నమాట.

“పిలగాడు బతికే ఉండచ్చు. మస్తుమందిని నీళ్లల్లకెల్లి తీసిండ్రంట.”

“ఇగ నీ మాట నేనెట్ల నమ్మాలె?”



తెల్లారి పొయ్యి ముట్టిస్తుండగా తంతి వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. నేను మూడో తరగతితో ఆగినదాన్ని, తెలుగైతే కూడబలుక్కుంటాను. మా ఆయనకు ఇంగ్లీషు వచ్చు. ఇటియ్యమని చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. దాన్ని పట్టుకుని గల్లీ దాటి, పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం నడిపే భాయ్ ఇంటికి పోయాను.

“భాయ్, ఉన్నదున్నట్టు చదువు. ఒక్క ముక్క దాయకు.”

ఆయన లోలోపల చదువుకుని, “పహలే బైఠో అమ్మా,” అన్నాడు.

“కూసోను. చదువు.”

చదివాడు. ఓడ మునిగింది, బయటికి తీసినవాళ్లలో మీ కొడుకు లేడు అని ఉంది. మా ఆయన నా వెనకే వచ్చి గడప బయట నిలబడ్డాడు. ఆయనా అక్కడే విన్నాడు.