నరం దొరకలేదన్న మాట

పోయిన వారం షుగరు పరీక్షకని మా వీధి చివర ల్యాబుకి వెళ్తే, అక్కడి అమ్మాయి నా మోచేతి మీద రెండుసార్లు తట్టి, వేలితో నొక్కి చూసి, "నరం దొరకట్లేదు ఆంటీ" అంది. ముప్ఫయ్యేళ్ళ పాటు జిల్లా జనం మోచేతుల్లో సూదులు గుచ్చి బతికినదాన్ని, నాకే ఈ మాటా అని ముందు నవ్వొచ్చింది. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. నొప్పి పుట్టిందేమోనని ఆ పిల్ల కంగారుపడింది గానీ, నా మనసు అప్పటికే చిలకలూరిపేట అవతలున్న ఒక పల్లెకి వెళ్ళిపోయింది. అలాంటి మాటే ఒకప్పుడు నేనే ఒక ఇంట్లో అన్నాను. ఆ మాటకి ఒక మనిషి ఆరు నెలలు మంచం పట్టాడు.

తొంభైల చివర్లో గుంటూరులో ఒక ల్యాబులో టెక్నీషియన్‌గా చేసేదాన్ని. పేరుకి రీసెర్చ్ ల్యాబే గాని ఉన్నవల్లా ఒక ఫ్రిజ్, గుయ్యిమని తిరిగే సెంట్రిఫ్యూజ్, వేడినీళ్ళ తొట్టి, కరెంటు పోయినప్పుడు ఐసు కోసం ఎదురుగా ఒక సోడా కొట్టు. మా సారు పరిశోధన మోటార్ న్యూరాన్ జబ్బు మీద. మెదడులోనూ వెన్నుపాములోనూ ఉండి, కండరాలకి కదలమని ఆజ్ఞలు పంపే కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతూ ఉంటాయనీ, ఆజ్ఞ అందని కండ కరిగిపోతుందనీ, మనిషి తెలివి మాత్రం చాలామందిలో చివరిదాకా చెక్కుచెదరదనీ ఆయన చెప్తుంటే నాకు ఒళ్ళు జలదరించేది. కణాల్లో పుట్టే విషాన్ని ఎప్పటికప్పుడు శుభ్రం చేసే ఎంజైమ్ ఒకటి ఉందట, దాన్ని తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం తప్పుపడితే కొన్ని కుటుంబాల్లో ఈ జబ్బు తరతరాలా వస్తుందట. ఆ తప్పు మన ప్రాంతపు కుటుంబాల్లోనూ ఉందేమో చూడాలని సారు పట్టుదల. మేము ఊళ్ళు తిరిగి రక్తం తేవాలి, అందులోంచి డీఎన్ఏ తీయాలి, ఐసుపెట్టెలో పెట్టి రైల్లో పెద్ద ల్యాబుకి పంపాలి. అక్షరాలు చదివే మిషన్లు వాళ్ళ దగ్గరే ఉండేవి.

డీఎన్ఏ అంటే ఏదో కంటికి కనపడని వింత అనుకున్నాను నేను. తీరా మొదటిసారి గాజు గొట్టంలో చల్లటి ఆల్కహాల్ పోసి నెమ్మదిగా కదిపితే తెల్లటి పోగులు పైకి తేలాయి. మా నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు, మా ఇంట్లో అన్నంలోనూ దూదే, తలలోనూ దూదే. అందుకని నోరు జారి "సార్, దూది!" అని అరిచాను. అప్పట్నించీ మా ల్యాబులో దానికి దూది అనే పేరు ఖాయమైపోయింది. పొద్దున్నే సారు గుమ్మంలోంచే "ఏమ్మా, దూది వచ్చిందా?" అనేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు మేము పరుపుల వ్యాపారం చేస్తున్నామనుకుని ఉంటారు.

ఇక ఆ పల్లెలోని ఇంటి సంగతి. ఆ ఇంటి అక్కకి అప్పుడు ముప్ఫయ్యేడో ముప్ఫయ్యెనిమిదో ఉంటాయి. మిరపకాయలు కోస్తుంటే తొడిమ దగ్గర వేళ్ళు పట్టు తప్పడంతో జబ్బు మొదలై, రెండేళ్ళలో కాళ్ళ దాకా, మాట దాకా వచ్చింది. వాళ్ళమ్మ కూడా ఇలాగే పోయిందట. పదేళ్ళు చిన్నవాడైన తమ్ముణ్ణి ఈ అక్కే పెంచింది కాబట్టి, ఆమె పడిపోయాక అతనే తన ఇంటికి తెచ్చుకుని చూసుకుంటున్నాడు. అతనికి పెళ్ళై ఏడాది కాలేదు. ఊళ్ళో అందరూ దీనికి మోటారు జబ్బని పేరు పెట్టేశారు, బోరు మోటారు కాలినట్టు ఒంట్లో మోటారు కాలిపోతుందని వాళ్ళ లెక్క. సారు కూడా వాళ్ళని సరిదిద్దలేదు, తను ఇంగ్లీషులో చెప్పేదానికంటే అదే నయమన్నారు.

మేము వెళ్ళింది కల్లాల రోజుల్లో. ఊరి చుట్టూ ఎర్రగా ఆరబోసిన కాయలు, ఆ ఘాటుకి సారూ నేనూ బస్సు దిగిన దగ్గర్నించీ తుమ్ములే తుమ్ములు. అక్క మంచం మీదినుంచే నవ్వి, ముద్దముద్దగా "మా రకతం కారంగా ఉంటది, జాగర్తమ్మాయ్" అంది. ఆ ఒక్క మాటతో నేను ఆమెకి దాసోహమైపోయాను. ఆమె రక్తం ఒక్క పోటుకే వచ్చింది. తర్వాత తమ్ముడి వంతు. నిగనిగలాడే నిండు చేయి, బిగించి కట్టినా, ఎన్నిసార్లు తట్టినా ఎక్కడా ఏమీ పైకి తేలదు. తుమ్ములతో కళ్ళు మండిపోతున్న ఆ విసుగులో, నాలో నేను గొణుక్కుంటున్నట్టే, "ఇతనికసలు నరమే లేదే, చచ్చుబడిపోయినట్టుంది" అన్నాను. ఆ మాట ఇంట్లో ఎవరి చెవిన ఎలా పడిందో గమనించానా అంటే లేదు. రెండో చేతికి దొరికింది, గొట్టం నింపుకున్నాను, మజ్జిగ తాగి వచ్చేశాను.

రక్తం చాలలేదని సారు మళ్ళీ పంపితే ఆరు నెలలకి ఒక్కదాన్నే వెళ్ళాను. అవి మిరప నారు నాటే రోజులు, దారి పొడుగునా చేలల్లో జనం. అతని చేను మాత్రం వేరేవాళ్ళు నాటుకుంటున్నారు. ఇంట్లో నులక మంచం మీద అతను పడుకుని, గుప్పిలి మూసి తెరుస్తూ దాన్నే చూసుకుంటున్నాడు. చేను కౌలుకిచ్చేశాడట, పిల్లలు వద్దని తెగేసి చెప్పాడట, భార్యని పుట్టింటికి పొమ్మని రోజూ పోరుతున్నాడట. ఏమైందమ్మా అని అడిగితే ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది.

"అట్టా అడుగుతారేందండీ? నరం చచ్చుబడిందని చెప్పింది మీరే గదా!"

అప్పుడర్థమైంది నాకు. మనకి రక్తం పారేదీ నరమే, మెదడు నుంచి కబురు తెచ్చేదీ నరమే, రెంటికీ కలిపి ఒకటే మాట. వాళ్ళ ఇంటికొచ్చింది నరాల జబ్బు. రక్తం తీసే మనిషి, పరీక్ష చేయడానికి గుంటూరు నుంచి వచ్చిన మనిషి, నరం చచ్చుబడిందంటే వాళ్ళు ఏమనుకోవాలి? నేను వెతికింది రక్తం గొట్టాన్నని, దానికీ జబ్బుకీ ఏ సంబంధమూ లేదని, చేతులు పట్టుకుని బతిమాలినట్టు చెప్పాను. అతను వినలేదు. "ఓదార్చడానికి చెప్తున్నారు లెండి" అని గోడ వైపు తిరిగాడు. నా చదువు, నా ఉద్యోగం, మా సారు జన్యువులు ఏవీ ఆ గోడ వైపు తిరిగిన మనిషిని ఇటు తిప్పలేకపోయాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు పక్క మంచం మీది అక్క మరదల్ని పిలిచి, తన చీర కొంగు తప్పించి చేతులు చూపించమంది. కండ కరిగిపోయిన ఆ చేతుల మీద నరాలు పచ్చగా, తాళ్ళలా పైకి తేలి ఉన్నాయి. ఒక్కో మాటా కూడదీసుకుంటూ తమ్ముడితో అంది.

"ఒరేయ్, ఇటు చూడరా. నరాలంటే నాయిరా నరాలు. గుడ్డోడైనా సూది గుచ్చుతాడు. అయ్యి బాగుంటే జబ్బు లేనట్టయితే, నేనెందుకురా ఇట్టా పడున్నా? లే. లేచి అన్నం తిను."

అతను చాలాసేపు ఆ చేతుల్ని చూశాడు. తర్వాత అక్క పక్కన కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు. కాస్త తేరుకున్నాక "అయితే నాకు రాదంటారా?" అని అడిగాడు. రాదని ఒక్క అబద్ధం చెప్పడానికి నాలుక చివరిదాకా వచ్చింది గానీ, ఒకసారి నోరు జారినదాన్ని, ఈసారి ఆపుకున్నాను. తెలియదన్నాను. తెలియదంటే అతని ముఖం కొంచెం తేటపడటం చూసి ఆశ్చర్యపోయాను.

ఆ తర్వాత నేను నరం అనే మాట మానేశాను. రక్తనాళం అనమన్నారు సారు, అది ఎవరికీ అర్థం కాలేదు. చివరికి "గొట్టం దొరకట్లేదు బాబాయ్" అనడం మొదలుపెడితే జనం పడీపడీ నవ్వి చేతులు చాపేవారు.

పెద్ద ల్యాబు నుంచి జవాబు రావడానికి ఏడాది పట్టింది. వాళ్ళు వెతికిన ఆ తప్పు అక్క డీఎన్ఏలో లేదు. సారు కాగితం పక్కన పెట్టి కళ్ళజోడు తీశారు. ఎగిరి గంతెయ్యబోతున్న నన్ను చూసి, "లేదంటే జబ్బు లేదని కాదమ్మా, మనకి తెలిసిన చోట లేదు, అంతే" అన్నారు. ఆ మాటే ఉన్నదున్నట్టు వెళ్ళి చెప్పాను. అప్పటికి అక్కకి మాట పూర్తిగా పోయింది, కళ్ళతోనే నవ్వింది. ఆ తర్వాతొచ్చిన వేసవిలో వెళ్ళిపోయింది.

తమ్ముడు మాత్రం నన్ను వదల్లేదు. ఏటా గుంటూరు మిర్చి యార్డుకి కాయలు తెచ్చినప్పుడు మా ల్యాబుకి వచ్చి, నా చేయి అందుకుని గట్టిగా నొక్కి, "పట్టు ఉందాండీ?" అనేవాడు. "ఉందయ్యా, నా వేళ్ళు విరుగుతున్నాయి" అనేదాన్ని. బస్తాలు మోసిన ఆ చేతి కారానికి సాయంత్రం దాకా నా అరచేయి మండేది, మర్చిపోయి కళ్ళు నలుపుకుంటే ఇక చెప్పక్కర్లేదు. పాప పుట్టిందని ఒక ఏడు చెప్పాడు, బళ్ళో వేశామని ఇంకో ఏడు. రీసెర్చ్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఈ చేయి నొక్కడమే నాకు గుర్తొచ్చేది.

ఇప్పుడు మా సారు లేరు. ఆ జబ్బుకి కారణమయ్యే జన్యువులు ఇంకా ఎన్నో దొరికాయని, రోగి చర్మం నుంచే నాడీకణాల్ని పెంచి గిన్నెలో పెట్టి చూస్తున్నారని చదువుతుంటాను. అప్పుడు ఏడాది పట్టిన జవాబు ఇప్పుడు కొద్ది వారాల్లో ఫోనుకి వస్తుందట. గొప్ప సంగతే, సారు ఉంటే చిన్నపిల్లాడిలా సంబరపడేవారు. అయితే ఫోనులో వచ్చిన ఆ కాగితాన్ని ఒక్కడే కూర్చుని చదువుకునే మనిషి పక్కన, చేయి పట్టుకుని తెలియదని చెప్పడానికైనా ఎవరుంటున్నారో నాకు తెలియదు. నేను రిటైరవడానికి ముందు ఏడు ఆ తమ్ముడు వచ్చి, ఎప్పటిలా నా చేయి నొక్కలేదు. ఊరికే పట్టుకుని నిలబడ్డాడు. ఏమయ్యా అంటే, "ఈ నెలతో అక్క పోయిన వయసు దాటానండి" అన్నాడు. సంతోషమే కదయ్యా అన్నాను. తల ఊపాడు గానీ కళ్ళు నిండిపోయాయి.

"నన్ను ఎత్తుకు పెంచిన మనిషి అండీ. ఇకమీదట నాకు చెల్లెలవుతది."